తజుర్బాగాహ్‌లో మన బిడ్డలు

మన ఇళ్లలో బైపీసీ తీసుకున్న పిల్లలకు రెండే రాస్తాలు. నీట్‌లో ర్యాంకు వస్తే డాక్టరు. రాకపోతే "ఏదో ఒక డిగ్రీ". ఆ ఏదో ఒక డిగ్రీలో చేరిన బిడ్డను ఖాందాన్‌లో ఎవరూ మళ్లీ చదువు గురించి అడగరు. ఆడపిల్లయితే రిష్తాల గురించి అడుగుతారు. మగపిల్లాడైతే సౌదీ వీసా గురించో, మెడికల్ రెప్ ఉద్యోగం గురించో అడుగుతారు. మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్ అని మూడేళ్లు చదివింది దేనికి పనికొస్తుందో ఆ బిడ్డకూ తెలియదు. చెప్పే ఉస్తాదూ దొరకడు.

మూడో రాస్తా ఒకటుంది. తహఖీక్. రీసెర్చ్ అంటే అందరికీ అర్థమవుతుంది కానీ, అదొక పని అని, ఆ పనికి నెలనెలా డబ్బులిస్తారని మన దగ్గర చాలామందికి తెలియదు. మా ఫుప్పూకి ఒకసారి చెప్పబోతే ఆమె అడిగిన మొదటి సవాల్: "రీసెర్చ్ బోలేతో క్యా కామ్ రే? పగార్ కిత్నా?" నవ్వాల్సిన సవాల్ కాదిది. చాలా సహీ సవాల్. పేద ఇంట్లో ఏ పని గురించైనా ముందు అడగాల్సింది అదే.

ఈ సవాల్‌కు జవాబు వెతుకుతూ నేను చాలా దూరం వెళ్లాను. అమెరికాలో బాల్టిమోర్ పక్కనున్న ఒక యూనివర్సిటీ దాకా. అక్కడ ముప్పై ఐదేళ్లకు పైగా ఒక పని చేస్తున్నారు. లాబ్ దర్వాజా ఎప్పుడూ చూడని ఇళ్ల పిల్లల్ని డిగ్రీ మొదటి రోజు నుంచే పట్టుకుని రీసెర్చ్ మనుషుల్ని చేస్తున్నారు. దాని గురించి చెప్పాలంటే ముందు మన బేగంపేట దాకా రావాలి.

1897 ఆగస్టు. సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే ఆర్మీ డాక్టరు మలేరియా ఎలా వస్తుందో కనిపెట్టే పనిలో ఉన్నాడు. ఆయన ఆస్పత్రిలో మలేరియా జ్వరంతో ఉన్న ఒక రోగి పేరు హుస్సేన్ ఖాన్. దోమతెరలోకి దోమల్ని వదిలి ఆయన్ని కుట్టించారు. ఒక్కో దోమకు ఒక్కో అణా కూలీ. ఆ రక్తం తాగిన దోమ కడుపును ఆగస్టు 20న కోసి, ఖుర్దబీన్ కింద పెట్టి, రాస్ మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ ఇనాం వచ్చింది. బేగంపేటలో ఆయన పేరు మీద ఇమారత్ ఉంది. హుస్సేన్ ఖాన్ ఆ తర్వాత ఎక్కడికి పోయాడో, ఆయన ఔలాద్ ఎక్కడున్నారో అడిగినవాళ్లు లేరు.

రాస్ చేసింది గొప్ప పని, అందులో షక్ లేదు. దానివల్ల దునియా మొత్తానికి ఫాయిదా. కానీ ఆ గదిలో ఎవరెవరు ఏయే జాగాలో ఉన్నారో చూడండి. సవాల్ అడిగేవాడు ఒకడు. రక్తం ఇచ్చేవాడు ఇంకొకడు. ఆ రెండో జాగాలో హుస్సేన్ ఖాన్.

బాల్టిమోర్‌లోనూ ఇట్లాంటి కథే ఉంది. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి తల్లి గర్భాశయ ముఖద్వార కేన్సర్‌తో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి వెళ్లింది. ఆమె గడ్డలోంచి కొన్ని కణాలు తీశారు. ఆమె ఇజాజత్ అడగలేదు. ఆ అక్టోబరులో 31 ఏళ్ల వయసులో ఆమె చనిపోయింది, కణాలు మాత్రం చావలేదు. లాబ్‌లో పెరుగుతూనే ఉన్నాయి. హీలా కణాలని వాటికి పేరు. పోలియో టీకా పరీక్షల నుంచి ఎన్నో మందుల దాకా వాటితో పని జరిగింది. ఇంటివాళ్లకు మాత్రం ఇరవై ఏళ్లకు పైగా ఖబర్ లేదు.

అలబామా రాష్ట్రం టస్కీగీలో ఇంకా జుల్మ్ జరిగింది. సిఫిలిస్ రోగం ఉన్న నల్లజాతి మగవాళ్లను ఇలాజ్ చేస్తున్నట్టు నమ్మించి, రోగం ఎట్లా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. 1932లో మొదలుపెట్టి 1972 దాకా, నలభై ఏళ్లు. పెన్సిలిన్‌తో ఆ రోగం నయమవుతుందని మధ్యలో తెలిసినా ఇవ్వలేదు. ఆ పని చేయించింది సర్కారు ఆరోగ్య శాఖే.

ఇవి జరిగిన ఖౌమ్‌లో డాక్టరు మీద, టీకా మీద భరోసా ఎక్కడ నుంచి వస్తుంది? 2021లో మన బస్తీల్లో కూడా చూశాం. టీకాలో సూవర్ చర్బీ ఉందని, పిల్లలు పుట్టరని వాట్సాప్‌లో తిరిగింది. అప్పుడు నేను డెస్కు మీద ఆ పుకార్ల మీద వార్తలు దిద్దుతూ ఉన్నాను. ఎంత దిద్దినా ఒక్కటి అర్థమైంది. పేపర్లో రాసిన నిజం కన్నా తమ మనిషి చెప్పిన మాటకు వజన్ ఎక్కువ. మొహల్లాలో టీకా వేయించుకున్న ఒక నర్సు ఆపా ఇంటింటికీ తిరిగి చెప్తే పని అయింది.

అమెరికాలో అట్లా చెప్పిన మనిషి కిజ్మీకియా కార్బెట్. ముప్పై నాలుగేళ్ల నల్లజాతి సైంటిస్టు. మోడెర్నా కంపెనీ కోవిడ్ టీకా వెనుక పనిచేసిన సర్కారీ లాబ్ టీమ్‌లో ముఖ్యురాలు. 2020 మార్చి 16న ఆ టీకా మొదటి మనిషికి వేశారు. కరోనా వైరస్ జన్యు లిపి బయటపడి అప్పటికి రెండు నెలలు దాటింది, అంతే. ఆ తర్వాత ఆమె నల్లజాతి చర్చిల వాళ్లతో కూర్చుని మాట్లాడింది. టస్కీగీ గురించి అడిగితే తప్పించుకోలేదు. టీకా చేసిన చేతులు తమ ఇంటి ఆడపిల్లవే అని వాళ్లు చూశారు. హెన్రియెట్టా లాక్స్ ఉన్న జాగా నుంచి ఎదుటి జాగాకు ఒక బిడ్డ చేరింది. ఆమె ఎట్లా చేరిందని వెతికితే దొరికిన పేరు మేయర్‌హాఫ్ స్కాలర్స్ ప్రోగ్రాం.

దాన్ని నడిపిన మనిషి ఫ్రీమన్ హ్రబోవ్‌స్కీ. ఊరు అలబామాలోని బర్మింగ్‌హామ్. 1963లో అక్కడ మార్టిన్ లూథర్ కింగ్ పిలుపు మీద పిల్లలు జులూస్ తీశారు, తెల్లవాళ్ల స్కూళ్లలో తమకూ జాగా ఇవ్వాలని. అందులో ఈయన ఉన్నాడు. వయసు 12. లెక్కలంటే పిచ్చి ఉన్న పిల్లాడు. పట్టుకుని ఐదు రోజులు జైల్లో పెట్టారు. ఆ పిల్లాడే 24 ఏళ్లకు పీహెచ్‌డీ చేసి, తర్వాత బాల్టిమోర్ కౌంటీలోని మేరీలాండ్ యూనివర్సిటీకి వచ్చి, 1992 నుంచి 2022 దాకా దానికి ప్రెసిడెంటుగా ఉన్నాడు.

1988లో రాబర్ట్ మేయర్‌హాఫ్ అనే ధనవంతుడు, ఆయన భార్య జేన్ ఈ పనికి డబ్బులిచ్చారు. టీవీలో నల్లజాతి యువకుడు కనిపిస్తే ఆటగాడిగానో, ముజ్రిమ్‌గానో కనిపిస్తాడు, ఇంకే రకంగానూ కనిపించడేమని రాబర్ట్‌కు ఫిక్ర్. సినిమాల్లో మన గడ్డాలు, టోపీలు ఏ పాత్రలకు తగిలిస్తారో తెలిసిన మనకు ఆ ఫిక్ర్ వేరే సమఝాయించే పని లేదు. మొదటి జట్టు 1989లో వచ్చింది. 19 మంది నల్లజాతి అబ్బాయిలు. మరుసటి ఏడాది అమ్మాయిల్నీ తీసుకున్నారు. 1996 నుంచి అన్ని జాతుల పిల్లలకూ తెరిచారు. ఒక్కటే షరతు: సైన్స్‌లో వెనకబడిన వర్గాలు ముందుకు రావాలన్న నియ్యత్ ఉండాలి.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. వజీఫా అనగానే మనకు ఖైరాత్ గుర్తొస్తుంది. ఫారం నింపు, ఇన్‌కం సర్టిఫికెట్ పెట్టు, ఆఫీసు చుట్టూ తిరుగు, డబ్బులు పడితే అల్‌హమ్దులిల్లా, పడకపోతే నసీబ్. అక్కడ వజీఫా అంటే మొత్తం ఇంతెజాంలో ఒక ముక్క. పిల్లవాడు ఫీజు కోసం రాత్రిపూట హోటల్లో పనిచేయకుండా ఉండాలి కాబట్టి డబ్బు ఇస్తారు. ఆ మిగిలిన టైమంతా చదువుకు కావాలి. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది.

కాలేజీ మొదలయ్యే ముందే ఎండాకాలంలో ఆరు వారాలు అందర్నీ ఒకచోట ఉంచుతారు. కలిసి లేవడం, కలిసి తినడం, లెక్కలు, సైన్స్ కలిసి చదవడం. కాలేజీ తెరిచేసరికి ఆ పిల్లలు ఒక జమాత్ అయిపోతారు. తర్వాత నాలుగేళ్లూ గుంపుగానే చదువు. ఒకరికి రాకపోతే ఇంకొకరు చెప్పాలి. పునాది కోర్సులో సీ గ్రేడు వస్తే "పాసయ్యావులే" అని వదలరు, మళ్లీ చదవమంటారు. మొదటి ఏడాది నుంచే "నువ్వు పీహెచ్‌డీకి వెళ్తావు" అని మాట్లాడతారు. "వెళ్లగలవా" అని కాదు. సెలవుల్లో దేశంలోని పెద్ద లాబ్‌లకు పంపిస్తారు, చేత్తో పని చేయడానికి. అమ్మీఅబ్బాలను కూడా పిలుస్తారు. తల్లిదండ్రులకు వేరే ఒక అంజుమన్ ఉంది. బిడ్డ ఏం చదువుతోంది, ఎందుకు ఇన్నేళ్లు, చివరికి ఏమవుతుంది అని ఇంటివాళ్లు అడిగే సవాళ్లకు అక్కడ జవాబు దొరుకుతుంది.

గుంపుగా చదవడం మీద ఇంత పట్టు ఎందుకో అర్థం కావాలంటే ఇంకో కథ తెలియాలి. 1970లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో యూరి ట్రీస్‌మన్ అనే లెక్కల ఉస్తాదు ఉండేవాడు. నల్లజాతి పిల్లలు కాల్‌క్యులస్‌లో తప్పుతున్నారు, చైనా మూలాల పిల్లలు బాగా పాసవుతున్నారు. ఎందుకని సాటి ఉస్తాదులను అడిగితే అందరూ మనకు తెలిసిన మాటలే చెప్పారు. ఇంట్లో చదువు లేదు, పేదరికం, వాళ్లకు శ్రద్ధ లేదు. ఆయన అది నమ్మకుండా ఇరవై మంది నల్లజాతి పిల్లలు, ఇరవై మంది చైనా మూలాల పిల్లలు ఎట్లా బతుకుతున్నారు, ఎట్లా చదువుతున్నారు అని వెంట తిరిగి చూశాడు. ఉస్తాదులు చెప్పిన కారణాలు ఒక్కటీ నిలబడలేదు. నల్లజాతి పిల్లలు మెహనత్ చేస్తున్నారు. ఇంటివాళ్లకు చదువు మీద ప్రాణం. తేడా ఒకచోటే. చైనా పిల్లలు సాయంత్రం కలిసి కూర్చుని, తిని, ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటున్నారు. నల్లజాతి పిల్లలు గదిలో తలుపేసుకుని ఒంటరిగా కష్టపడుతున్నారు. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పేవాడు లేడు. తక్కువ మార్కులు వస్తే "నాకే రాదు" అనుకుంటున్నారు. ట్రీస్‌మన్ వాళ్లకు ట్యూషన్ పెట్టలేదు. క్లాసులో ఇచ్చేవాటి కన్నా కష్టమైన లెక్కలిచ్చి కలిసి చేయమన్నాడు. నతీజా మారిపోయింది.

ఇది చదివినప్పుడు నాకు మన పిల్లలే కళ్ల ముందు తిరిగారు. డిగ్రీ కాలేజీలో బీఎస్సీ క్లాసులో ఒక్క బుర్ఖా అమ్మాయి, ఒక్కతే మొదటి బెంచీలో. క్లాసు అయిపోగానే నేరుగా ఇంటికి. లైబ్రరీలో ఆగితే అబ్బాకు ఫికర్. నోట్సు అడగడానికి ఎవరి నంబరూ ఉండదు. ఆ అమ్మాయికి తెలివి తక్కువని ఎవరంటారు? ఆమెకు సోబత్ లేదు.

మేయర్‌హాఫ్ పని చేసిందా అంటే లెక్క ఉంది. ఈ ప్రోగ్రాంలో సీటు వచ్చి చేరినవాళ్లు, సీటు వచ్చినా వద్దని వేరే యూనివర్సిటీకి వెళ్లినవాళ్లు, ఇద్దర్నీ పోల్చి చూశారు. ఇద్దరి తెలివీ దాదాపు బరాబరే, ఇద్దరూ ఎంపికైనవాళ్లే కదా. చేరినవాళ్లలో సైన్స్ పీహెచ్‌డీ దాకా వెళ్లే అవకాశం సుమారు ఐదు రెట్లు ఎక్కువని తేలింది. కార్బెట్ 2008లో అక్కడ డిగ్రీ పూర్తి చేసింది. అమెరికా సర్జన్ జనరల్‌గా 2017 నుంచి 2021 దాకా ఉన్న జెరోమ్ ఆడమ్స్ కూడా అక్కడి నుంచి వచ్చినవాడే. ఇది హ్రబోవ్‌స్కీ ఒక్కడి కరామత్ అనుకునేవాళ్ల కోసం ఇంకో మాట. 2013లో పెన్సిల్వేనియా, నార్త్ కరోలినా రాష్ట్రాల్లోని రెండు పెద్ద యూనివర్సిటీలు ఇదే నమూనాతో తమ ప్రోగ్రాంలు మొదలుపెట్టాయి. అక్కడా పిల్లలు నిలబడ్డారు. అంటే ఇది నేర్చుకోదగ్గ పని, ఎవరైనా చేయదగ్గ పని.

సర్కారు కూడా ఈ దారిలో నడిచింది. అమెరికాలో వైద్య పరిశోధనకు డబ్బులిచ్చే సంస్థ ఎన్ఐహెచ్. డిగ్రీ పిల్లలకు లాబ్ శిక్షణ ఇచ్చే మార్క్ అనే స్కీం 1970ల నుంచీ ఉంది. 2011లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. చదువు, అనుభవం, రాసిన పేపర్లు అన్నీ లెక్కలోకి తీసుకున్నా నల్లజాతి సైంటిస్టులకు ఎన్ఐహెచ్ గ్రాంటు దొరికే అవకాశం తెల్లవాళ్ల కన్నా 10 శాతం పాయింట్లు తక్కువ అని అందులో తేలింది. దాంతో సిగ్గుపడి 2014లో బిల్డ్ అనే పథకం కింద పది విద్యాసంస్థలకు డబ్బులిచ్చారు. వాటిలో ఒకటి అలాస్కాలో. అక్కడి ఆదివాసీ పిల్లలకు మనిషి, జంతువు, నీళ్లు, మంచు అన్నిటి ఆరోగ్యం ఒకటే అన్న దారిలో సైన్స్ నేర్పారు. వేట, చేపల మీద బతికే ఇళ్ల పిల్లలు వాళ్లు. తమ ఊళ్లో తినే తిండి గురించే సవాల్ వేసుకుని లాబ్‌కు వెళ్లొచ్చని వాళ్లకు తెలిసింది.

2025లో గాలి మారింది. కొత్త సర్కారు వచ్చి డైవర్సిటీ అన్న మాట ఉన్న చోటల్లా కత్తెర వేసింది. మార్క్ సహా డిగ్రీ పిల్లల శిక్షణ స్కీంలకు ఎన్ఐహెచ్ డబ్బు ఆపేసింది. చదువు మధ్యలో ఉన్న పిల్లలకు వజీఫాలు ఆగాయి. మనకు ఇదేం కొత్త కాదు. సచార్ కమిటీ తర్వాత 2009లో వచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్, మన పిల్లలు పీహెచ్‌డీ చేయడానికి ఉన్నది, 2022 డిసెంబరులో బంద్ చేశారు. 2020-21 సర్కారీ సర్వే ప్రకారం దేశంలో ఉన్నత చదువుల్లో ముస్లింలు 4.6 శాతం. 2011 జనాభా లెక్కల్లో మనం 14.2 శాతం. ఈ రెండు నంబర్ల మధ్య ఎంతమంది కిజ్మీకియాలు పోయారో ఎవరు లెక్క కట్టగలరు?

ఇంత చెప్పి "మన పిల్లలు మేయర్‌హాఫ్‌కు దరఖాస్తు పెట్టాలి" అంటానని అనుకోకండి. ఎన్ఐహెచ్ డబ్బుతో నడిచే శిక్షణలు ఆ దేశ పౌరులకు, అక్కడ శాశ్వతంగా ఉండేవాళ్లకు. డాలస్‌లో, న్యూజెర్సీలో స్థిరపడ్డ మన తెలుగు ముస్లిం కుటుంబాల పిల్లలు కూడా అక్కడి లెక్కలో ఆసియా వాళ్లే, వెనకబడిన వర్గం కింద రారు. అక్కడి నుంచి మనకు కావాల్సింది ఆ ఇంతెజాం వెనకున్న అఖల్. ఒంటరిగా పంపొద్దు. చేత్తో పని ముందే చేయించు. ఇంటివాళ్లను కలుపుకో. తక్కువ ఆశించొద్దు.

మా సొంత ఖాందాన్‌లో ఇది ఎట్లా పనిచేసిందో చెప్తాను. మా భాంజీ జిల్లా కేంద్రంలోని ఒక డిగ్రీ కాలేజీలో బీఎస్సీ మైక్రోబయాలజీ. నీట్ రెండుసార్లు రాసింది, సీటు రాలేదు. కిందటేడు వేసవిలో హైదరాబాద్‌లోని ఒక లాబ్‌లో రెండు నెలల ప్రాజెక్టుకు ఎంపికైంది. ఇంట్లో ఈద్ ఖుషీ ఉండాల్సిన రోజు. మా దుల్హాభాయి ఒక్క మాటలో తేల్చేశారు: "దో మహీనే అకేలీ? నక్కో." ఆయన చెడ్డ మనిషి కాదు. ఆటో స్పేర్ పార్టుల దుకాణం నడిపి ముగ్గురు ఆడపిల్లల్ని చదివించిన మనిషి. ఆయన భయం హాస్టలు గురించి, మాట అనే లోకం గురించి. మా ఆపా ఏడ్చింది, భాంజీ ఏడవలేదు. నాకు ఫోన్ చేసి, "మామూ, అబ్బా నో అన్నారు. సరే. కానీ నేను వెళ్లకపోతే ఆ సీటు ఎవరికి పోతుందో కూడా నాకు తెలియదు" అంది.

వారం తర్వాత తెలిసింది, అదే క్లాసులోని ఇంకో అమ్మాయికీ అక్కడే వచ్చిందని. నేతపని ఇంటి అమ్మాయి. వాళ్ల ఇంట్లోనూ ఇదే రగడ. వాళ్ల నాన్న కూడా "ఒక్కదాన్ని పంపను" అన్నాడు. ఇద్దరు అబ్బాలూ బస్టాండు ముందు హోటల్లో చాయ్ తాగుతూ మాట్లాడుకున్నారు. మరుసటి ఆదివారం ఇద్దరూ కలిసి హైదరాబాద్ వెళ్లి హాస్టలు చూసి, వార్డెన్ ఆంటీతో మాట్లాడి, మెస్సులో కూర కూడా రుచి చూసి వచ్చారు. ఆ తర్వాత ఏ వాదనా జరగలేదు. నేను నెలరోజులుగా చెప్పిన తహఖీక్ గురించిన తఖ్రీర్లన్నిటికన్నా ఆ రెండో అమ్మాయి ఉండడమే పని చేసింది.

రెండు నెలల్లో మా భాంజీ ఏం కనిపెట్టింది? ఏమీ లేదు. బాక్టీరియాలోంచి డీఎన్‌ఏ తీసి జెల్ మీద నడపడం ఆమె పని. మూడు వారాలు జెల్ మీద ఏమీ రాలేదు. ఖాళీ. రాత్రి ఫోన్‌లో, "మామూ, నావల్ల కాదేమో" అంది. తర్వాత వారం నవ్వుతూ చెప్పింది, పీహెచ్‌డీ చేస్తున్న సీనియర్ అక్కకు ఆరు నెలలు ఏమీ రాలేదట. "ఇక్కడ తప్పు వస్తే తిట్టరు మామూ. ఎందుకొచ్చిందని కూర్చుని అడుగుతారు. కాలేజీలో నన్నెవరూ 'నీకేమనిపిస్తోంది' అని అడగలేదు." నాలుగో వారంలో ఒక గీత కనబడింది. దాని ఫోటో మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. మా అమ్మీకి అది ఏమిటో అర్థం కాలేదు, అయినా "మాషా అల్లా" అని వాయిస్ పంపింది.

నేను చదివింది ఉర్దూ మీడియంలో. మా స్కూల్లో ఖుర్దబీన్ ఒకటి ఉండేది, అద్దాల అల్మారాలో, తాళం వేసి. ఖలియా బొమ్మ గీసి దాని భాగాల పేర్లన్నీ రట్టా వేశాం, ఖలియాను మాత్రం ఎవరం చూడలేదు. సైన్స్ పుస్తకంలో ప్రయోగానికి తజుర్బా అని రాసి ఉండేది. ఇంట్లో మా అబ్బా అనుభవాన్ని తజుర్బా అనేవారు. రెండిటికీ ఒకే లఫ్జ్ ఎందుకుందో నాకు స్కూల్లో అర్థం కాలేదు. ఆ పిల్ల ఖాళీ జెల్ గురించి చెప్తుంటే అర్థమైంది.

ఇప్పుడు ఆమె ఎమ్మెస్సీ ఎంట్రెన్సులకు చదువుతోంది. ఒక రిష్తా కూడా వచ్చింది, అబ్బాయి మంచివాడే అంటున్నారు. చదువుకోనిస్తారా అని మా ఆపా వాళ్లను అడిగింది. "పెళ్లయ్యాక చూద్దాం" అన్నారట. ఆ మాటకు మా ఇంట్లో ఇంకా జవాబు ఇవ్వలేదు. దుల్హాభాయి మాత్రం నన్ను పక్కకు పిలిచి అడిగారు, "పీహెచ్‌డీ మే పగార్ కిత్నా ఆతా?" అని.

ఫుప్పూ అడిగిన సవాలే. జవాబు ఇదీ. మన దేశంలో నెట్ జేఆర్‌ఎఫ్ వచ్చిన పిల్లలకు 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. ఇంటి అద్దె భత్యం వేరే. డిగ్రీలో సైన్స్ చదివేవాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000. ఇంటర్ బోర్డులో పై ఒక్క శాతంలో ఉండాలి. అందులో 20,000 వేసవిలో ఒక సైంటిస్టు దగ్గర పనిచేయడానికే పెట్టారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా రెండు నెలల వేసవి ఫెలోషిప్ ఇస్తాయి. దరఖాస్తులు చలికాలంలోనే పెట్టుకోవాలి. ఎండలు వచ్చాక అడిగితే ఏడాది పోయినట్టే. ఇంటర్ తర్వాత నేరుగా రీసెర్చ్ వైపు వెళ్లాలంటే తిరుపతిలో ఐసర్ ఉంది, 2015లో పెట్టారు. ఐదేళ్ల కోర్సు, వేరే ఎంట్రెన్సు. అమెరికాలో ఎమ్మెస్ కోసం లక్షల అప్పు చేసే ఇళ్లు ఒకటి తెలుసుకోవాలి. అక్కడ బయాలజీ పీహెచ్‌డీ పిల్లలకు మామూలుగా ఫీజు మాఫీ, పైగా స్టయిపెండు.

అంటే దర్వాజాలు కొన్ని ఉన్నాయి. వాటి దాకా పిల్లల్ని గుంపుగా నడిపించే ఇంతెజాం మన దగ్గర లేదు. తెలంగాణలో మైనారిటీ గురుకులాలు 204 ఉన్నాయి. అక్కడి నుంచి బైపీసీ చదివిన ఆడపిల్లలు వస్తున్నారు, ఇంట్లో మొదటిసారి పదో తరగతి దాటినవాళ్లు. డిగ్రీలోకి వెళ్లాక వాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో ఊళ్లో ఒంటరి అయిపోతున్నారు. ఆ ఒంటరితనం తీయడానికి మేయర్‌హాఫ్ అంత ధనవంతుడు రానక్కర్లేదు. ప్రతి జిల్లాలో మసీదు కమిటీలు ఉన్నాయి, జకాత్ పంచే అంజుమన్లు ఉన్నాయి, రిటైరయిన సైన్స్ లెక్చరర్లు ఉన్నారు.

మీ ఊళ్లో బీఎస్సీ చదివే పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాయండి. మన వాళ్లవే కాదు, పక్క వాడల్లో మొదటి తరం చదువుకుంటున్న పిల్లలవి కూడా. ఐదుగురు దొరికినా చాలు. నెలకు రెండు ఆదివారాలు ఒక గదిలో కూర్చోబెట్టండి. చాయ్, సమోసా ఖర్చు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఒక లెక్చరర్ సాబ్‌ను బతిమాలి పిలవండి. రమజాన్ వచ్చేలోపు కాదు, ఈ నవంబరులోపే, ఐదుగురితో ఐదు దరఖాస్తులు ఒకే రోజు నింపించండి. ఇద్దరికి వస్తే ఆ ఇద్దరు అబ్బాలనూ ఒకే బస్సులో హాస్టలు చూడటానికి పంపండి. ఖర్చు జకాత్‌లోంచి పెట్టొచ్చా అని ఇమామ్ సాబ్‌ను అడగండి. అడిగేటప్పుడు ఆ పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్లండి.